బరోవియా అయిపోయింది, ఇక ఏ లోకం?

పాచికలపిచ్చి: మన డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో బరోవియాలో జరిగే కర్స్ ఆఫ్ స్ట్రాడ్ కథ ముగిసింది. ఆదివారం టేబుల్‌కి తర్వాత ఏ సెట్టింగ్, అంటే కథ జరిగే లోకం, పెడదాం? ఫర్గాటెన్ రెల్మ్స్, ఎబెరాన్, డార్క్ సన్ అని మూడు పేర్లు వచ్చాయి. డీఎం, అంటే ఆట నడిపేది, నేనే; రూల్స్ 2014వే.

ఎండలో_ఎల్ఫ్: డార్క్ సన్. రాజులూ కోటలూ చూసి చూసి విసుగొచ్చింది. అక్కడి లోకం ఆథాస్ అంతా ఎడారి. డిఫైలర్ అనే మంత్రగాడు మంత్రం వేస్తే చుట్టూ చెట్టూ చేమా బూడిదే. ఇనుము దొరకదు, ఎముకతో కత్తి చేసుకోవాలి.

ఇనుపకవచం: మరి నా పాలడిన్, ఆ దైవభక్త యోధుడు, ఏం తొడుక్కోవాలి?

లాంతరు: 1991లో వచ్చిన డార్క్ సన్ పెట్టెలో అసలు పాలడినే లేదు, ఎందుకంటే అక్కడ దేవుళ్లు లేరు. 2010లో నాలుగో ఎడిషన్‌కి తెచ్చారు కానీ మనం ఆడే రూల్స్‌కి డార్క్ సన్ పుస్తకం రాలేదు. సయానిక్స్, అంటే మనోశక్తుల రూల్స్, ఎవరు రాస్తారు? ఎబెరాన్‌కైతే 2019 పుస్తకం ఉంది. నూరేళ్ల యుద్ధం ఆగి రెండేళ్లే అయింది, షార్న్ నగరంలో గూఢచారులు, రైళ్లు...

ఎండలో_ఎల్ఫ్: రైలు ఎక్కితే ఇక ఫాంటసీ ఏముంది?

లాంతరు: అది బొగ్గు రైలు కాదు. బంధించిన ఎలిమెంటల్, అంటే ప్రకృతి శక్తి భూతం, లాగుతుంది.

ఎండలో_ఎల్ఫ్: ఏది లాగినా రైలు రైలే.

లాంతరు: మరి ఎగిరే ఓడలకి ఏమంటావు?

ఇనుపకవచం: ఎవరైనా కవచం సంగతి చెప్తారా?

గోరింట: రైలు వదిలేయండి బాబూ. ఎబెరాన్‌లో నాకు నచ్చేది సైర్ దేశం. ఒక్క రోజులో నాశనమైంది, ఎందుకో పుస్తకాలు కావాలనే చెప్పవు. ఎవరి టేబుల్‌కి తగ్గ జవాబు వాళ్లు పెట్టుకోవచ్చు. కాలం కూడా ఆ లోకపు లెక్కలో 998వ సంవత్సరం దగ్గరే ఆగి ఉంటుంది. రెల్మ్స్‌ని 2008లో ఒకేసారి వందేళ్లు ముందుకు తోసేశారు, మనం కట్టుకున్న కథలు ఏం కావాలి?

ఎండలో_ఎల్ఫ్: అయినా బట్టీ తప్పదు. పదమూడు డ్రాగన్‌మార్కులు అనే మంత్ర గుర్తులు, వాటికి వంశాలు...

లాంతరు: పన్నెండు. పదమూడోది అంతరించిపోయింది.

ఎండలో_ఎల్ఫ్: చూశారా? ఇదే నా బాధ. రెల్మ్స్ ఆడినన్నాళ్లూ నేను నోరు తెరిస్తే చాలు, లాంతరు "వాటర్‌డీప్ నగరంలో అలా ఉండదు" అనేవాడు. నా పాత్ర ఆ ఊళ్లోనే పుట్టింది! అక్కడి లార్డులు ముసుగులు వేసుకుంటారని నాకు తెలియకపోతే దానికీ తెలియదా? చివరికి మాట్లాడటమే మానేశాను. డార్క్ సన్ అడిగింది ఎవరూ చదవలేదు కాబట్టే.

లాంతరు: చదివితే తప్పా? టేబుల్ దగ్గర ఎవరో ఒకరికి తెలియాలి కదా.

గోరింట: డీఎంకి తెలిస్తే చాలు అన్నా. నిజం చెప్పాలంటే నాకూ చిరాకేసేది.

పాచికలపిచ్చి: అప్పుడే నాతో చెప్పాల్సింది. ఆఫీసు పని మధ్య రూల్స్ మార్చి రాయడం నా వల్ల కాదు. ఎబెరాన్ అయితే నేను నడుపుతా. డార్క్ సన్ కావాలంటే ఎండా, నువ్వే నడుపు.

ఎండలో_ఎల్ఫ్: నడుపుతా. లాంతరు పుస్తకం మూసి కూర్చుంటానంటేనే.

లాంతరు: సరే, లోకం గురించి మాట్లాడను. రూల్ తప్పితే చెప్పొచ్చా?

ఎండలో_ఎల్ఫ్: సెషన్ అయ్యాక చెప్పు.