అప్‌డేట్: మావాడి స్పీచ్ డిలే, ఐఎఫ్ఎస్‌పీ మీటింగ్ అయిపోయింది

మావాడికి రెండేళ్లు వస్తున్నా మాటలు రావట్లేదు, ఎర్లీ ఇంటర్వెన్షన్ పేపర్లలో పార్ట్ సీ (ఎదుగుదలలో వెనకబడిన మూడేళ్లలోపు పిల్లలకి అమెరికా ప్రభుత్వం తరఫున సాయం చేసే ప్రోగ్రామ్), ఐఎఫ్ఎస్‌పీ అంటే ఏంటని ఇక్కడ అడిగాను కదా (మేం ఉండేది టెక్సాస్), చెప్పినవాళ్లందరికీ థాంక్స్ అండీ. ఎవాల్యుయేషన్ ఫ్రీగానే చేశారు. ఐఎఫ్ఎస్‌పీ అంటే పిల్లాడితో పాటు ఇంట్లోవాళ్లకీ కలిపి రాసే ప్లాన్, రిఫరల్ వెళ్లిన 45 రోజుల్లోపు మొదటి మీటింగ్ పెట్టాలి, ఆర్నెల్లకోసారి రివ్యూ. పాలు కావాలంటే మా చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దగ్గరికి లాక్కెళ్తాడు, అందుకే "సైగ చేసో మాటతోనో అడగాలి" అని గోల్ రాయించాం, అత్తయ్యగారు తెలుగే మాట్లాడతారంటే థెరపిస్ట్ తెలుగులోనే కానివ్వండి అంది, హమ్మయ్య అనిపించింది. పేపర్లలో న్యాచురల్ ఎన్విరాన్‌మెంట్ అంటే ఇల్లు, డేకేర్ లాంటి పిల్లాడు మామూలుగా ఉండే చోటు, మాకైతే థెరపీకి ఇంటికే వాళ్లు వస్తారు. మూడేళ్లు నిండగానే పార్ట్ సీ ఆగిపోతుంది, తర్వాత అర్హత ఉంటే స్కూల్ డిస్ట్రిక్ట్ వాళ్ల ఐఈపీ (స్పెషల్ ఎడ్యుకేషన్ కోసం పిల్లాడికి రాసే ప్లాన్). ఇలా మారడం గురించి పెట్టే ట్రాన్సిషన్ మీటింగ్ మూడో బర్త్‌డేకి కనీసం 90 రోజుల ముందే జరగాలి, మా కేసు చూసే కోఆర్డినేటర్‌ని ఇప్పట్నుంచే అడుగుతున్నా.