అప్‌డేట్: కోడ్ రాకపోయినా బగ్‌ల పనిలో చేరాను

ప్రోగ్రామింగ్ రానివాళ్లు లిబ్రేఆఫీస్ అనే ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌కు సాయపడగలరా అని నెల కిందట అడిగాను. బగ్‌ల (సాఫ్ట్‌వేర్‌లోని తప్పుల) మీద ఫిర్యాదులు నమోదయ్యే బగ్‌జిల్లా సైటులో ఖాతా తెరవమన్నారు, తెరిచాను. ఇక్కడ హనుమకొండలో రాత్రి భోజనాలయ్యాక గంటసేపు కూర్చుంటున్నాను.

కొత్త ఫిర్యాదు ‘అన్‌కన్ఫర్మ్‌డ్’గా, అంటే ఇంకా ధ్రువీకరించనిదిగా వస్తుంది. ఫిర్యాదు చేసినవాళ్లు చెప్పిన వరుసలోనే చేసి చూసి, అదే తప్పు నాకూ కనిపిస్తే వెర్షన్ రాసి ‘న్యూ’గా, అంటే ధ్రువీకరించినదిగా మారుస్తాను. వివరాలు చాలకపోతే ‘నీడ్‌ఇన్ఫో’. మొదటి వారంలో నా సెట్టింగుల గందరగోళాన్నే బగ్ అని ధ్రువీకరించి పరువు పోగొట్టుకున్నాను! ఇప్పుడు ముందు నా సెట్టింగులను పక్కనపెట్టే సేఫ్ మోడ్‌లో తెరుస్తున్నాను.

అసలు కష్టం, అదే ఫిర్యాదు ఇదివరకే ఉందేమో వెతకడం. ఒకే జబ్బుకు తలా ఒక పేరు పెడతారు. తెలుగు ఒత్తులు చెదిరే ఫిర్యాదు కనిపిస్తే మాత్రం వదలను. అది గుణింతాలు దిద్దినవాళ్ల పని.