ఎలుకలకి మలేరియా ఎక్కించి చదవడం వల్ల మన కొండ ఊళ్లకి ఏమైనా ఒరిగిందా?

రాయగడ_కుర్రోడు:
మా పిన్ని కూతురికి ఢిల్లీలో రీసెర్చ్ సీటొచ్చింది. పని ఏటంటే తెల్ల ఎలుకలకి మలేరియా ఎక్కించడం, వాటి రక్తం దోమలకి తాగించడం, మళ్లీ ఆ దోమల్తో ఇంకో ఎలుకని కుట్టించడం. ఇంట్లో నానమ్మ వినాయకుడి వాహనాన్ని చంపే ఉజ్జోగమా అని ఒక గోల. మా బావది ఇంకో గోల, ఆయన మునిగుడ వైపు కాంట్రాక్టు పన్లు చేస్తాడు, జొరం మనుషులకి వస్తుంటే ఎలుకలకెందుకు ఎక్కించడం, కొండల మీద తగ్గింది దోమతెరల వల్ల కదా అంటాడు. నానమ్మకి ఏదో సర్దిచెప్పొచ్చు గానీ బావ అన్నదానికి నా దగ్గర జవాబు లేదు. తెలిసినోళ్లు చెప్పండి, తిట్టుకోకుండా.

స్లైడ్_పెట్టె:
మీ బావ కరెక్టు. నేను కాశీపూర్ బ్లాకులో మలేరియా పని చేసినోణ్ణి. ఒడిశాలో 2017లో దగ్గర దగ్గర మూడున్నర లక్షల కేసులు, 2018కి అరవై ఆరు వేల చిల్లరకి పడిపోయాయి. ఆ మధ్యలో ఏమైందంటే కోటికి పైన మందు దోమతెరలు పంచారు, దమన్ క్యాంపులు మొదలెట్టారు. క్యాంపంటే జొరం ఉన్నోళ్లని చూసి వచ్చేయడం కాదండీ, ఊరు ఊరంతా వరసగా కూర్చోబెట్టి వేలు పొడవడం, చుక్క నెత్తురు కిట్టు మీద వేసి బఫర్ చుక్కలు వేసి పదిహేను ఇరవై నిమిషాలు ఆగడం. జొరం గిరం లేకుండా మేకల్ని తోలుకెళ్లే కుర్రాడికి మలేరియా ఉందని కిట్టు మీద గీత పడుద్ది చూడండి, అసలు సంగతి అక్కడుంది, ఊళ్లో దోమలకి ఎక్కేది అలాంటోళ్ల దగ్గర్నించే. అలాంటోణ్ణి పట్టుకుని మాత్రలు మింగించి వచ్చాం కాబట్టి తగ్గింది. తెరల్తో చేపలు పట్టినోళ్లు, గోడకి మందు కొట్టిన వారానికే పండగొచ్చిందని పైన మట్టి అలికేసినోళ్లు కూడా ఉన్నారు లెండి, అయినా తగ్గింది. ఇందులో ఎలుక ఎక్కడుందో చూపించండి.

గుణుపురం_పిల్ల:
మాత్రలో ఉందన్నా. మీరు ఫాల్సిపేరమ్ (ప్రాణం మీదకి తెచ్చే రకం మలేరియా పరాన్నజీవి) కేసుకి ఇచ్చే ఏసీటీ అనే మందుల జతలో ఆర్టిసునేట్ ఉంటుంది కదా, అది చైనా మొక్క నుంచి వచ్చిన ఆర్టెమిసినిన్ తాలూకుది. అక్కడి శాస్త్రవేత్త తూ యూయూ టీమ్ పాత వైద్య పుస్తకాల్లోని మందులు ఒక్కోటీ ఎలుకల మీద చూసుకుంటూ వచ్చింది, ఈ మొక్కని మామూలుగా మరిగిస్తే పని చేయలేదు, తక్కువ వేడికే ఆవిరైపోయే ఈథర్‌తో తీస్తే 1971 అక్టోబరులో మలేరియా ఎలుకల్లో నూటికి నూరు శాతం పరాన్నజీవి పోయింది. ఆ తర్వాతే 1972లో వాళ్లే మింగి చూసుకున్నారు. ఎలుక లేకపోతే ఏ మందు పని చేస్తుందో తెలుసుకోడానికి జొరంతో ఉన్న మనుషుల్ని వరసగా పెట్టాలి, అప్పుడు ఆ వరసలో నిలబెట్టేది ఎవర్నో మనకి తెలుసు కదా, మన కొండోళ్లనే.

నేనూ ఇదే పని చేస్తున్నా, కాబట్టి ఎలాగుంటుందో చెప్తా. ఎలుక తోక చివర చిన్న గాటు, చుక్క రక్తం స్లైడు మీద లాగి జీమ్సా రంగు వేసి చూస్తాం, మీరు చేసేదే. పరాన్నజీవి సరిపడా ఉంటే ఎలుకకి మత్తిచ్చి దోమల డబ్బా మీద వల పైన బోర్లా పడుకోబెడతాం, పావుగంటలో దోమల పొట్టలు ఎర్రగా ఉబ్బుతాయి, తాగనివాటిని ఏరేస్తాం. ఆ తర్వాత మూడు వారాలు పంచదార నీళ్ల దూది పెట్టి వాటిని పెంచాలి, అప్పటికి లాలాజల గ్రంథుల్లోకి స్పోరోజోయిట్లు, అంటే దోమ కుట్టినప్పుడు ఒంట్లోకి ఎక్కే దశలోని పరాన్నజీవులు, చేరతాయి. సూదితో దోమ తల మెల్లగా లాగితే గ్రంథులు దాంతోపాటే వస్తాయి, చెయ్యి వణికితే ఆ దోమ వేస్టు.

పెరుగన్నం:
చాలా బాగా చెప్పారు, ఎలుక వైపు నుంచి కూడా ఎవరైనా చెప్తే బాగుండు. 1976 నుంచి ఫాల్సిపేరమ్‌ని మనిషి రక్తంలోనే సీసాలో పెంచుతున్నారు. దోమలకి రక్తం పట్టాలంటే గాజు గొట్టం అడుగున పల్చటి పొర కట్టి లోపల గోరువెచ్చటి రక్తం పోస్తే పొర కింద నుంచి తాగుతాయి. ఒప్పుకున్న వాలంటీర్లని దోమలతో కుట్టించి జొరం రాగానే మందిచ్చేసే పరీక్షలు కూడా విదేశాల్లో జరుగుతున్నాయి. ఇన్ని దార్లుండగా ఎలుక దేనికి, చౌకగా దొరుకుతుందనే కదా?

గుణుపురం_పిల్ల:
పరాన్నజీవి రక్తంలో ఉండే దశకి మీరన్నట్టే సీసా చాలు, మందుల మొదటి జల్లెడ ఇప్పుడు అక్కడే పడుతున్నారు. సీసాలో చర్మం ఉండదు, కాలేయం ఉండదు, ఇమ్యూనిటీ ఉండదు. దోమ కుట్టగానే స్పోరోజోయిట్లు నేరుగా రక్తంలోకి పోతాయని చాలాకాలం అనుకున్నారు, 2006లో పారిస్ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు వాటికి ఆకుపచ్చగా వెలిగే జీన్ పెట్టి ఎలుక చర్మంలో చూస్తే అవి కాసేపు అక్కడే పాకుతున్నాయి, కొన్ని రక్తనాళం వెతుక్కుని దూరుతున్నాయి, కొన్ని దారి తప్పి లింఫ్ గడ్డల్లోకి పోతున్నాయి. బతికున్న ఒంట్లో ఇంత స్పష్టంగా చూడాలంటే ఎలుకే గతి. టీకా కథ కూడా అంతే, 1967లో న్యూయార్క్‌లో రూత్ నుసెన్‌జ్వైగ్ ఎక్స్‌రే పెట్టిన స్పోరోజోయిట్లు ఎలుకలకి ఎక్కించి చూస్తే తర్వాత మామూలువి ఎక్కించినా జొరం రాలేదు. దోమ పెట్టేదాన్ని ముందే ఆపొచ్చన్న నమ్మకం అక్కడ పుట్టింది, 2021లో, 2023లో డబ్ల్యూహెచ్‌వో సిఫార్సు చేసిన రెండు టీకాలూ ఆ స్పోరోజోయిట్ పైపొర ప్రొటీన్ మీదే కట్టినవి. రెండోది తయారయ్యేది మన పుణెలోనే.

వంశధార_గట్టు:
పుణెలో తయారై ఆఫ్రికా పిల్లలకి పోతుంది, మన కార్యక్రమంలో లేదు, అది కూడా చెప్పాలి కదమ్మా.

ఇప్పుడు నా మాట. మీరు ఎలుకలకి ఎక్కించే బెర్గై అనే పరాన్నజీవి 1948లో కాంగోలో పొదల ఎలుకలో దొరికింది. ల్యాబ్ తెల్ల ఎలుకకి సహజంగా అది రాదు. మీరు పెంచే దోమ స్టీఫెన్సై, పట్నాల్లో మేడల మీద ట్యాంకుల్లో పుట్టే మన దేశపు దోమ. ఈ మూడూ ల్యాబులో తప్ప బయట ఎక్కడా ఒకదాని మొహం ఒకటి చూసింది లేదు! పైగా బెర్గై ఎక్కిన దోమల్ని 20 డిగ్రీల చలిలో పెట్టాలి, వేడి పెరిగితే ఎదగదు, మనిషి ఫాల్సిపేరమ్‌కేమో 26, 27 కావాలి, 18 కిందికి పోతే ఆగిపోద్ది. అంటే దోమలో దాని లెక్కే వేరు. మెదడుకి ఎక్కే మలేరియా తీసుకోండి, ఎలుకల్లో ఫలానా మందు ఇస్తే బతికాయి అని పేపర్ల మీద పేపర్లు వచ్చాయి, మనుషుల దగ్గరకొచ్చేసరికి ఒక్కటీ నిలబడలేదు. మనుషుల్లో పరాన్నజీవి నిండిన రక్తకణాలే మెదడు సన్న నాళాల్లో అడ్డం పడతాయి, ఎలుకల్లో ఎక్కువ పాత్ర దాని సొంత తెల్ల కణాలది. ఇక వైవాక్స్, మనుషులకొచ్చే ఇంకో రకం మలేరియా. నెలల తరబడి కాలేయంలో నిద్రపోయి మళ్లీ లేచొస్తుంది, అందుకే 14 రోజులు ప్రైమాక్విన్ మాత్రలు. ఎలుకల మలేరియాలో ఆ నిద్ర దశే లేదు. లేనిదాని గురించి ఎలుక మీకేం చెప్తుంది?

జయపురం_మాస్టారు:
అందరికీ నమస్కారం. మలేరియా దోమల్తో వస్తుందని తేల్చిన రాస్ దొరని మరిచిపోతున్నారు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో దోమ పొట్టలో పరాన్నజీవిని చూశాడు, రక్తం ఇచ్చిన హుస్సేన్ ఖాన్‌కి దోమకి ఒక అణా లెక్కన ఇచ్చాడు. కానీ దోమ నుంచి ఇంకో ప్రాణికి ఎలా పోతుందో మరుసటి ఏడు 1898లో కలకత్తాలో తేల్చింది పిచ్చుకల వంటి పక్షుల మీద, పక్షి మలేరియా మీద. అప్పుడూ ఎవరో ఒకరు పక్షి మనిషా అని అడిగే ఉంటారు.

వంశధార_గట్టు:
మాస్టారూ, పక్షి దారి చూపించింది, ఒప్పుకుంటా. పక్షికి కుట్టింది క్యూలెక్స్ జాతి దోమ, మనిషికి ఎక్కించేది అనాఫిలిస్ జాతి దోమ. ఆ ముక్క మనుషుల మధ్యకొచ్చి చూసుకోవాల్సొచ్చింది. నేను చెప్పేదీ అదే.

అమ్మాజీ_కొరాపుట్:
ఆ దోమలు తప్పించుకుంటే ఊరికి రాదా అమ్మా? మా పిల్లల హాస్టల్ పక్కనే ఏదో దోమల ఆఫీసు ఉంది, అదీ భయం.

గుణుపురం_పిల్ల:
రాదమ్మా, బెర్గై మనుషులకి అంటదు. మనిషి మలేరియా ఎక్కిన దోమలుండే గదులు వేరు, రెండు తలుపులు, లోపల దోమల్ని లెక్కపెట్టి పెడతారు, లెక్క తేలేదాకా బయటికి రావడం కుదరదు. కొరాపుట్‌లో పుదుచ్చేరి దోమల పరిశోధన కేంద్రం వాళ్ల ఫీల్డ్ స్టేషన్ ఉంది, మీరు చూసింది అదే అయితే వాళ్లది ఊళ్లలో దోమల మీద పని.

వంశధార అన్నా, మెదడు మలేరియా, వైవాక్స్ నిద్ర, ఈ రెండింట్లో ఎలుకని అడక్కూడదు, నేనూ అడగను. మా ఇన్‌స్టిట్యూట్ ఎథిక్స్ కమిటీలో ఇప్పుడు ఆ ప్రశ్నే వేస్తారు, ఇది ఎలుక లేకుండా కుదరదా, కుదరకపోతే ఎన్ని తక్కువలో కుదురుతుంది అని, జంతువుల మీద క్రూరత్వం 1960 చట్టం కింద 1998 రూల్స్ ప్రకారం. కానీ చర్మం నుంచి కాలేయం దాకా ఉన్న దారిలో మాత్రం ఎలుకని వదలమంటే వదల్ను.

పెరుగన్నం:
కమిటీ ఉంది కమిటీ ఉంది అని అందరూ అంటారు. వద్దని తిప్పి పంపినవి ఎన్నో బయట పెట్టమనండి, నమ్ముతా.

స్లైడ్_పెట్టె:
మాత్ర సంగతి ఒప్పుకున్నా తల్లీ, మంచిగా చెప్పావు. నా కడుపుమంట వేరు. మా కొండల్లో కుట్టేది ఫ్లూవియాటిలిస్ అనే దోమ, గెడ్డ ఒడ్డున మెల్లగా పారే నీళ్లలో, దొంతర మళ్ల ఊటల్లో పుడుద్ది, రాత్రి ఇంట్లో దూరి మనిషినే వెతుక్కుంటాది. నువ్వు చూసేది ట్యాంకుల దోమ. తెరలు ఇచ్చాక మా దోమ ముందే కుడుతుందా, బయట అరుగు మీద కుడుతుందా, మందుకి అలవాటు పడిందా, ఇవన్నీ ఎలుక గదిలో తేలవు కదా. దాన్ని ల్యాబులో ఎందుకు పెంచరు?

గుణుపురం_పిల్ల:
చాలా రకాల అనాఫిలిస్‌లు బోనులో జతకట్టవన్నా, బయట సాయంత్రం గుంపుగా ఎగిరితేనే కడతాయి. స్టీఫెన్సై బోనులో కూడా సరే అంటుంది, అందుకే లోకమంతా దాన్నే పెంచుతారు. ఫ్లూవియాటిలిస్‌ని ప్రతిసారీ ఊళ్లోంచి బతికున్నవి పట్టి తెచ్చి గుడ్లు పెట్టించుకోవాలి. మా దగ్గరికి చేరేలోపు సగం చస్తాయి.

స్లైడ్_పెట్టె:
పట్టడం మాకు తెలుసు, తెల్లారి ఐదింటికి టార్చి, దోమల్ని పీల్చి పట్టే నోటి గొట్టం పట్టుకుని ఇంటింటికీ తిరిగినోళ్లమే. ఢిల్లీ దాకా మోయడం దేనికి, ఇక్కడే రాయగడలోనో కొరాపుట్‌లోనో ఒక గది, ఒక ఏసీ, ఒక మైక్రోస్కోపు పెట్టుకోవచ్చు. జీపు డీజిలు ఎవరిస్తారో అది తేల్చండి ముందు.