అరవై దాటాక బాల్‌రూమ్ డ్యాన్సా? నవ్వులపాలవుతానేమో

ప్రశ్న:
నాకు 63. రిటైరై ఏడాదిన్నరైంది. మా ఆవిడ బాల్‌రూమ్ క్లాసులో తన పేరుతో పాటు నా పేరు కూడా ఇచ్చేసి వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక కాలు కదిపినవాణ్ణి కాదు, పైగా మెట్లెక్కితే ఎడమ మోకాలు పట్టేస్తుంది, అక్కడేమో పార్ట్‌నర్లను మారుస్తూ ఉంటారట. తలుచుకుంటేనే టెన్షన్. ఈ వయసులో మొదలుపెట్టినవాళ్ళు ఎవరైనా ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి.

జవాబు 1:
నాకు 68 అండీ, ఆరేళ్ళుగా చేస్తున్నాను. హాల్లో మిమ్మల్ని ఎవరూ చూడరు, ఎవరి కాళ్ళ గొడవ వాళ్ళది. మొదటి నెలంతా నాకు వాల్ట్జ్ అనే మూడు లెక్కల డ్యాన్స్‌లో బాక్స్ స్టెప్, అంటే నేల మీద చదరం గీసినట్టు వేసే అడుగులు, తప్ప ఇంకేమీ రాలేదు. లీడ్ చేసేవాళ్ళకి, అంటే జంటలో నడిపించేవాళ్ళకి, ఎడమకాలు ముందుకి, వాళ్ళ వెంట నడిచే నాకు కుడికాలు వెనక్కి, ఒకటీ రెండూ మూడూ అని వంటింట్లో కూడా గొణుక్కునేదాన్ని. ఒకరోజు ఓ పెద్దాయనతో చేస్తున్నాను, ఆయనకి డెబ్భై నాలుగో ఐదో. నా వీపు మీద, ఎడమ రెక్క ఎముక దగ్గర ఆయన అరచెయ్యి ఉంది. అది కొంచెం, అంటే తలుపు మూసుందో లేదో చూసేంత కొంచెం, బిగిసింది. నేను తిరిగిపోయాను. ఆలోచించనే లేదు. లీడ్ అంటే నెట్టడం కాదని ఆరోజు తెలిసింది.

ఇంకో మాట. మా ఆయన పోయాక నాకు ఇంకో మనిషి చెయ్యి తగిలేది క్లినిక్‌లో బీపీ చూసినప్పుడే. ఇప్పుడు వారానికి రెండు సాయంత్రాలు ఎవరో ఒకరు చెయ్యి చాపి ‘చేద్దామా’ అంటారు. పార్ట్‌నర్లను మార్చడం గురించి మీరు భయపడుతున్నారు కానీ, ఒంటరివాళ్ళం అక్కడికి వచ్చేదే అందుకు.

జవాబు 2:
మోకాలు సంగతి ముందు డాక్టర్ని అడగండి. ఆ తర్వాత బూట్లు. మామూలు రబ్బరు సోలు నేలను పట్టేసుకుంటుంది, ఒళ్ళు తిరుగుతుంది గానీ పాదం తిరగదు, ఆ మెలికంతా మోకాలి మీద పడుతుంది. డ్యాన్స్ బూట్లకి అడుగున స్వెడ్ తోలు ఉంటుంది, అది జారాల్సినంతే జారుతుంది. దుమ్ము పట్టి నున్నబడితే వైర్ బ్రష్‌తో గీకాలి.

స్లో వాల్ట్జ్ నిమిషానికి 84 నుంచి 90 బీట్లు, మీకు సరిపోతుంది. వియన్నీస్ వాల్ట్జ్ దానికి రెట్టింపు, దాని జోలికి ఇప్పుడే పోకండి. జైవ్ అని వేగంగా గెంతే డ్యాన్స్ ఉంది, ఆ ఎగుడు దిగుళ్ళు కూడా వద్దు. ఫ్లోర్ మీద అందరూ గడియారానికి ఎదురు దిశలో తిరుగుతారు, నెమ్మదిగా చేసేవాళ్ళు లోపలివైపు ఉంటే ఎవరికీ అడ్డం కాదు.

అన్నట్టు, భార్యకి మాత్రం మీరు పాఠం చెప్పకండి. నేను చెప్పాను. ఇంటికి వెళ్ళేదాకా కారులో మాటల్లేవు.

జవాబు 3:
డ్యాన్స్ చేస్తే మతిమరుపు రాదని ఎవరో ఒకరు మీకు చెప్తారు, అందుకే ముందే రాస్తున్నా. 2003లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో 75 దాటిన 469 మంది మీద ఒక అధ్యయనం వచ్చింది. ఒంటికి పనిచెప్పే అలవాట్లలో డ్యాన్స్ ఒక్కదానికే డిమెన్షియా ముప్పు తక్కువగా ఉండటంతో సంబంధం కనిపించింది. చదవడానికీ, బోర్డు ఆటలకీ, వాయిద్యాలకీ కూడా కనిపించింది, అది ఎవరూ చెప్పరు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే డ్యాన్స్‌కి వెళ్తున్నారేమో కూడా, కాబట్టి మందులా వేసుకోకండి. నేనైతే సరదాకే వెళ్తాను. మా దగ్గర మగవాళ్ళు తక్కువ, కూర్చుని ఎదురుచూడ్డం విసుగొచ్చి లీడ్ కూడా నేర్చేసుకున్నా, ఇప్పుడు పాట మొదలైతే కుర్చీలో ఉండే పనే లేదు.

ప్రశ్న వేసిన నేనే:
నిన్న వెళ్ళొచ్చాం. డాక్టరు సరేనన్నారు, నొప్పి వస్తే ఆపమన్నారు. పద్నాలుగుసార్లు సారీ చెప్పానట, మా ఆవిడ లెక్కపెట్టింది. నాకంటే బాగా పెద్దావిడ ఒకావిడ, ‘అడుగుల లెక్క పైకి వద్దు బాబూ, లోపల పెట్టుకో’ అన్నారు. నన్ను ‘బాబూ’ అని పిలిచి ఎన్నేళ్ళైందో. ఆ స్వెడ్ బూట్లు బిగుతుగా తీసుకోవాలా, మామూలు సైజేనా? బుధవారం మళ్ళీ క్లాసుంది, ఈలోపు చెప్పండి.