పాస్‌పోర్టు మారితే ఈటీఏ పోవాల్సిందేనా?

ఎడిసన్ అమ్మ:
పోయిన నెల మరిది పెళ్లికి హైదరాబాద్ బయల్దేరాం. దారిలో మూడు రోజులు లండన్ చూద్దామనుకున్నాం. నలుగురం అమెరికా పౌరులమే కాబట్టి బ్రిటన్‌కు వీసా అక్కర్లేదు, ఈటీఏ (బయల్దేరేముందే ఆన్‌లైన్‌లో తీసుకునే ప్రయాణ అనుమతి) ఉంటే చాలు. 2025 ఫిబ్రవరిలోనే తలా 10 పౌండ్లు కట్టి తీసుకున్నాం. రెండేళ్లు చెల్లుతుంది కదా అని నిశ్చింతగా ఉన్నాం. ఈలోగా బాబు పాస్‌పోర్టు గడువు అయిపోయి కొత్తది తెప్పించాం (16 ఏళ్లలోపు పిల్లలకు ఐదేళ్లకే ఇస్తారు).

నెవార్క్ ఎయిర్‌పోర్టు చెకిన్ కౌంటర్‌లో అమ్మాయి మూడు పాస్‌పోర్టులు చకచకా స్కాన్ చేసింది. నాలుగోది మాత్రం రెండుసార్లు పెట్టి చూసి, బాబుకి ఈటీఏ లేదంది. మెయిల్ చూపించాను. అందులోని 16 అంకెల నంబరు చూపించాను. రద్దు చేసి రంధ్రాలు పొడిచిన పాత పాస్‌పోర్టు కూడా తీశాను. లాభం లేకపోయింది. సూట్‌కేసుల పక్కన నేల మీద కూర్చుని ఫోన్‌లో మళ్లీ అప్లై చేశాం. జవాబు రాకముందే కౌంటర్ మూసేశారు. మావారు, పాప వెళ్లిపోయారు. పాప సెక్యూరిటీ లైన్ చివరిదాకా తమ్ముడి వైపు వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది. నేనూ బాబూ మర్నాడు వెళ్లాం.

మనిషి వాడే, పుట్టిన తేదీ అదే. రెండేళ్లని చెప్పి ఇచ్చిన అనుమతి పుస్తకం మారగానే పోవడం న్యాయమేనా? మన ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇండియా ఇచ్చే కార్డు) చూడండి. 2021లో రూల్స్ మార్చాక, పిల్లల పాస్‌పోర్టు మారితే కొత్తదాని కాపీ, ఫొటో ఆన్‌లైన్‌లో పెడితే చాలు, రుసుము కూడా లేదు. ఇండియా చేస్తున్న పని బ్రిటన్ ఎందుకు చేయదు?

మణికొండ నాన్న:
రెండేళ్లు లేదా పాస్‌పోర్టు గడువు, ఏది ముందైతే అదని వాళ్లు స్పష్టంగానే చెబుతారండీ. మనం మొదటి సగమే చదువుతాం.

చెకిన్ కౌంటర్ మాజీ:
పన్నెండేళ్లు ఆ కౌంటర్ వెనక నిలబడ్డాను, అందుకే చెబుతున్నాను. ఆ అమ్మాయి చేతిలో ఏమీ లేదు. ఈటీఏ అంటే మెయిల్ కాదు, ఆ 16 అంకెలూ కాదు. పాస్‌పోర్టు నంబరుకు ఎదురుగా కంప్యూటర్‌లో వచ్చే జవాబు. అనుమతి లేనివాళ్లను ఎక్కిస్తే జరిమానా ఎయిర్‌లైన్ మీద పడుతుంది. 2026 ఫిబ్రవరి 25 నుంచి బ్రిటన్ దీన్ని గట్టిగా అమలు చేస్తోంది.

ఓసీఐతో పోలిక నాకు నచ్చలేదు. అది జీవితకాలపు కార్డు, ఎన్నో కాగితాలు చూసి ఇస్తారు. ఈటీఏ ఫోన్‌లో పది నిమిషాల పని. పాత నంబరు మీది అనుమతిని కొత్త నంబరుకు తోసేస్తే, పోయిన పాస్‌పోర్టులు, దొంగిలించిన పాస్‌పోర్టుల సంగతేంటి?

ఇంకొకటి. లండన్ హీత్రో ఎయిర్‌పోర్టులో ఇమిగ్రేషన్ దాటకుండా లోపలే విమానం మారేవాళ్లకు ఈటీఏ అక్కర్లేదు. ఆ పూట మీ ఇద్దరి టికెట్లు లండన్‌లో దిగకుండా హీత్రోలో విమానం మారి హైదరాబాద్ వెళ్లేలా మార్చమని అడిగి ఉంటే కలిసే ఎక్కేవాళ్లేమో. ఆ మాట మీకు ఎవరూ చెప్పకపోవడం మాత్రం తప్పే.

ఎడిసన్ అమ్మ:
హీత్రో సంగతి నిజంగా తెలియదండీ, థాంక్స్. మణికొండ నాన్న గారూ, నేను పూర్తిగా చదవలేదు, ఒప్పుకుంటాను. కానీ బాబు పాస్‌పోర్టు గడువు తేదీ అప్లికేషన్‌లో నేనే ఇచ్చాను, అది వాళ్ల దగ్గరుంది. ఆ తేదీకి నెల ముందు "ఈ ఈటీఏ ఇక చెల్లదు" అని ఒక్క మెయిల్ పంపడానికి ఏమైంది? డబ్బు మళ్లీ కట్టమంటే కడతాను. ఇప్పుడది 10 కాదు, పెరిగింది, అయినా సరే.

చెకిన్ కౌంటర్ మాజీ:
మెయిల్ విషయంలో మీతోనే ఉన్నానండీ. బదిలీకి ఒప్పుకోను గానీ, గుర్తు చేయకపోవడానికి ఏ కారణమూ చెప్పలేను. చిన్నపిల్లలున్న ఇళ్లే ఎక్కువగా ఇలా ఇరుక్కునేవి. పెద్దవాళ్ల పాస్‌పోర్టు పదేళ్లు, వాళ్లది ఐదేళ్లు. తేడా ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. మీ పాపది ఎప్పటిదాకా ఉంది?

ఎడిసన్ అమ్మ:
ఇప్పుడే చూశాను. వచ్చే జనవరి.