బ్లాక్‌బర్డ్‌ను రుద్ది రుద్ది మచ్చ తెచ్చుకున్నాను

నల్లపిట్ట:
అమెరికా గూఢచారి విమానం ఎస్ఆర్-71 బ్లాక్‌బర్డ్ డైకాస్ట్ (లోహపు పోత) మోడల్, 1:72 స్కేలు, తోక మీద నంబరు 17972. ముక్కు నుంచి తోక దాకా 45 సెంటీమీటర్ల పైనే ఉండటంతో అలమరలో నేరుగా పట్టక ఏటవాలుగా పెట్టాను. నల్లరంగు మీద దుమ్ము పిండి చల్లినట్టు కనిపిస్తుంటే కళ్లద్దాల గుడ్డతో తుడిచాను. ఎడమ ఇంజన్ గొట్టం మీద ఒక వేలిముద్ర పోలేదు. నోటి ఆవిరి పట్టించి గట్టిగా రుద్దాను. ముద్ర పోయింది, దాని బదులు బొటనవేలి గోరంత నిగనిగలాడే మచ్చ వచ్చింది! మిగతాదంతా బొగ్గులా ఉంటే ఆ ఒక్కచోటే నూనె రాసిన తలలా మెరుస్తోంది. పక్కన రెక్క మీద, అడుగు పెట్టకూడదని చెప్పే ఎర్రగీత కూడా కాస్త పలచబడింది.

ఇంట్లోవాళ్లు ‘ఎవరికీ కనపడదులే’ అంటున్నారు. నాకు కనపడుతోంది కదా. స్పిరిట్‌తో తుడిస్తే చుట్టూ ఉన్న రంగుతో కలిసిపోతుందా?

ఇంకోటి. ఇంజన్ల ముందున్న కోసు ముక్కలు వెనక్కి జరుగుతాయని చదివాను. నావి కదలడం లేదు. నెట్టాలా?

గీతలరాయుడు:
స్పిరిట్ జోలికి వెళ్లకండి, ఉన్న ఎర్రగీత కూడా చేతికొస్తుంది.

మీకు రంగేమీ పోలేదు. మ్యాట్ రంగు పైభాగం కంటికి తెలియనంత గరుకుగా ఉంటుంది. వెలుతురును చెల్లాచెదురు చేస్తుంది కాబట్టే మెరవదు. మీరు రుద్దేసరికి ఆ గరుకు అణిగి నున్నబడింది. ఇంకా రుద్దితే మచ్చ పెరుగుతుందే తప్ప తగ్గదు. మ్యాట్ వార్నిష్ పలచగా కొడితే ఆ గరుకు మళ్లీ వస్తుంది. ముందు పొట్ట కింద ఒక మూల కొట్టి ఆరనిచ్చి చూడండి. వాన ముసురు పట్టిన రోజు మాత్రం వద్దు, తేమకు వార్నిష్ తెల్లగా పొగలు కమ్ముతుంది. నేనొక విమానాన్ని అలాగే బూడిద చేసుకున్నాను.

ఇకమీదట గుడ్డ మానేసి మెత్తటి మేకప్ బ్రష్ వాడండి. పట్టుకునేటప్పుడు నూలు గ్లోవ్స్ వేసుకోండి.

మాక్‌మూడు:
కోసు ముక్కలను నెట్టొద్దు సార్, విరుగుతాయి. మీ మోడల్ చక్రాల మీద నిలబడి ఉందా? అయితే అవి ముందుకు ఉండటమే కరెక్ట్. అసలు విమానంలో మాక్ 1.6 (ధ్వని వేగానికి 1.6 రెట్లు) దాటాక వెనక్కి జరగడం మొదలై, మాక్ 3.2 వచ్చేసరికి 26 అంగుళాలు లోపలికి వెళ్లేవి. ధ్వనిని మించిన వేగంలో గాలిలో పుట్టే షాక్ వేవ్‌ను (ఒత్తిడి అలను) ఇంజన్ మూతి దగ్గర సరైన చోట నిలబెట్టడానికే ఆ జరుగుడంతా. మీ స్కేల్లో అది 9 మిల్లీమీటర్లు.

మచ్చకు ఇంత టెన్షన్ ఎందుకు? నేల మీద ఉన్నప్పుడు అసలు విమానం అతుకుల్లోంచి ఇంధనం కారేది. వేగానికి ఒళ్లు వేడెక్కి వ్యాకోచిస్తే గానీ ఆ సందులు మూసుకునేవి కావు. పాత ఫోటోల్లో రెక్కల మీద తడి చారలు మెరుస్తుంటాయి. మీదీ అదే అనుకోండి!

నల్లపిట్ట:
అనుకుందును, కానీ నా మచ్చ ఇంజన్ గొట్టం మీద ఉందండీ. అక్కడ ట్యాంకెక్కడిది? పైగా ఇది 972. 1974లో న్యూయార్క్ నుంచి లండన్‌కు 1 గంట 54 నిమిషాల 56 సెకన్లలో వెళ్లిన విమానం. 1990 మార్చి 6న లాస్ ఏంజెలిస్ నుంచి వాషింగ్టన్‌కు 64 నిమిషాల 20 సెకన్లలో చేరి, అక్కడే ఉండిపోయింది. ఇప్పుడు ఆ దగ్గర్లోని ఉద్వార్-హేజీ మ్యూజియంలో ఉంది. దాని మీద ఆవిరి ఊది రుద్దినవాడిగా మిగిలిపోవడం నాకిష్టం లేదు.

రాయుడు గారూ, మచ్చ వరకే కొట్టనా, గొట్టమంతా కొట్టనా?

గీతలరాయుడు:
మచ్చ వరకే కొడితే దాని చుట్టూ ఇంకో మచ్చ వస్తుంది. ప్యానెల్ గీతల వెంట టేప్ వేసి గొట్టం పైభాగమంతా కొట్టండి. ఎర్రగీత మీద టేప్ అంటనివ్వకండి, కాగితం ముక్క అడ్డం పెట్టండి చాలు.

నల్లపిట్ట:
పొట్ట కింద కొట్టాను. ఆరాక ఎక్కడ కొట్టానో వెతుక్కోవాల్సి వచ్చింది. ఇంజన్ గొట్టం పని ఆదివారం పెట్టుకుంటాను, ఎండ కాస్తే.