పేస్‌మేకర్ ఉన్న నాన్నకు పులిపిరి కాల్పించవచ్చా?

ప్రశ్న: నాన్నకు ఎడమ భుజం కింద పేస్‌మేకర్ ఉంది. మెడ మీది పులిపిరి కాలరుకు ఒరుసుకుని రోజూ రక్తం వస్తోంది. కరెంటుతో కాల్చేస్తామన్నారు, పేస్‌మేకర్ సంగతి అడగనేలేదు. టెన్షన్‌గా ఉంది.

జవాబు 1: మీరే చెప్పండి, డివైస్ కార్డు (పేస్‌మేకర్ వివరాలుండే కార్డు) చూపించండి. కరెంటుతో కాల్చే పద్ధతులు రెండు: మోనోపోలార్, బైపోలార్. మోనోపోలార్‌లో కరెంటు ఒంట్లోంచి, ఒంటికి అంటించిన ప్యాడ్ దాకా పోతుంది. పేస్‌మేకర్ దాన్ని గుండె స్పందనగా పొరబడి పనిచేయడం ఆపేయవచ్చు. బైపోలార్‌లో కరెంటు పట్టకారు రెండు మొనల మధ్యే ఉంటుంది, కాబట్టి ముప్పు బాగా తక్కువ. వేడి తీగతో కాలిస్తే ఒంట్లోకి కరెంటే రాదు.

జవాబు 2: మా అమ్మకున్నది ఐసీడీ, అంటే గుండె లయ ప్రమాదకరంగా తప్పితే షాక్ ఇచ్చి సరిచేసే పరికరం. అది పొరబడితే షాక్ కొట్టవచ్చు. అందుకే ముందే గుండె డాక్టర్‌ను అడిగాం. బైపోలార్‌తో, క్షణాల్లో ఆపి ఆపి చేశారు. ఈసీజీ తెర మీంచి నేను చూపు తిప్పలేదు.

ప్రశ్న అడిగినవారు: కార్డు దొరికింది. రేపు గుండె డాక్టర్‌ను అడిగాకే ఒప్పుకుంటాం.